కప్పు ఎక్కకముందే పాతబడిపోయే ఫ్యాన్లు

ఒడిశాలో రాయగడ, గుణుపురం, జయపురం చుట్టుపక్కల షెడ్డుల మీద ఫ్యాన్లు ఎక్కించే పనిలో ఉన్నవాళ్ళం నలుగురం కలిస్తే తప్పకుండా వినపడే మాట ఒకటుంది: "ఈమధ్య కంపెనీ మాలు బాగుండటం లేదండీ." బియ్యం మిల్లు షెడ్డు మీద, లోపలి వేడిగాలిని బయటికి లాగేందుకు బిగించిన రూఫ్ ఎక్స్‌ట్రాక్టర్ ఏడాది తిరక్కుండా గరగరమంటుంది. మోటారు కాలుతుంది. ఇంపెల్లర్, అంటే బ్లేడ్ల చక్రం, ఊగిపోయి కర్బ్ దగ్గర, అంటే కప్పు మీద ఫ్యాన్ కూర్చునే చట్రం దగ్గర, రేకు చిరుగుతుంది. తప్పు కంపెనీది, లేకపోతే వోల్టేజీది, అదీ కాకపోతే వైండింగు చేసినవాడిది.

స్టోర్సు, సైటు రెండూ చూసినవాణ్ణి కాబట్టి నా అభిప్రాయం వేరు. ఆ ఫ్యాన్లలో చాలావాటికి కరెంటు తగలకముందే సగం ఆయుష్షు అయిపోయింది. లారీ దిగిన రోజుకీ కప్పు మీద బోల్టులు బిగించిన రోజుకీ మధ్య నెలలు గడిచాయి చూడండి, అవి పాడైంది అప్పుడు. ఆ నెలలకి జవాబుదారీ ఎవరూ లేరు. ఎందుకు లేరంటే, ఆ పనికి ఎవరికీ ఎవరూ డబ్బు ఇవ్వడం లేదు. నా గొడవంతా అక్కడే.

ముందు అవి అంత ముందుగా ఎందుకొచ్చి పడుంటాయో చెప్పాలి. వర్కార్డర్లో సప్లై ఒక ముక్క, ఎరెక్షన్, అంటే బిగింపు, ఇంకో ముక్క. సరుకు గేటు దాటి స్టోర్సులో జీఆర్ఎన్ (సరుకు అందినట్టు రాసే చీటీ) కాగానే సప్లై బిల్లులో పెద్ద భాగం చేతికొస్తుంది. బిగింపు డబ్బు తక్కువ, అదీ ఆలస్యం. అందుకని కాంట్రాక్టరు ఏం చేస్తాడు? కప్పు మీద రేకులు పడ్డాయా, కర్బులు కట్టారా అని చూడడు. ఫ్యాన్లు దించేస్తాడు, బిల్లు పెట్టేస్తాడు. అతన్ని తిట్టి లాభం లేదు, జీతాలివ్వాలి కదా. అటు కొనేవాళ్ళకీ మార్చి 31 భయం ఉంటుంది. బడ్జెట్టు మురిగిపోకుండా మార్చిలో సరుకు దిగాలి. షెడ్డు పని మాత్రం జూన్ వానలకి ఆగిపోయి దసరా దాటాక గానీ మళ్ళీ మొదలవదు. అంటే ఒక వానాకాలం మొత్తం ఆ ఫ్యాన్లు ఎక్కడో ఒక మూల కూర్చోవాలి. తిరిగే యంత్రాన్ని తిప్పకుండా కూర్చోబెట్టడం దానికి విశ్రాంతి అనుకుంటారు చాలామంది. బేరింగు సంగతి తెలిసినవాడు అలా అనుకోడు.

ఇక సరుకు దిగే రోజు. చెన్నై, కోయంబత్తూరు, పుణె వైపు నుంచి వచ్చే పార్శిలు విశాఖలో ట్రాన్స్‌పోర్టు గోదాములో దిగి, ఇంకో బండెక్కి, సాలూరు ఘాటీ ఎక్కి కోరాపుట్, జయపురం చేరుతుంది. లేదా పార్వతీపురం, కూనేరు మీదుగా రాయగడ వస్తుంది. దింపుళ్ళు, ఎక్కింపుళ్ళు ఎన్ని జరిగాయో ఎల్ఆర్ (లారీ రసీదు) మీద రాసుండదు. బండి మన గేటు దగ్గరికొచ్చేసరికి సాయంత్రం. డ్రైవరు కాగితం చేతిలో పెట్టి, "బేగి సంతకం ఎట్టీండి బాబూ, సీకటడకుండా ఘాటీ దిగాల" అంటాడు. అతని తొందర న్యాయమైనదే. కానీ ఆ కాగితం మీద "సరుకు మంచి స్థితిలో అందినది" అని ముందే అచ్చేసి ఉంటుంది. కింద మన స్టాంపు పడిందంటే, ఆ తర్వాత కనపడిన ప్రతి సొట్టా మన గోదాములో పడ్డట్టే లెక్క.

సంతకం పెట్టొద్దని నేననను. సంతకానికి పైన రాయండి. "మూడో నంబరు పెట్టె అడుగు చెక్క విరిగి ఉంది, హుడ్ సొట్ట, లోపల తనిఖీ పెండింగ్" అని డ్రైవరు ఎదుటే రాసి, అతని సంతకం కూడా తీసుకుని, బండి నంబరుతో సహా ఫోన్లో ఫొటో కొట్టాలి. పెట్టె తడిసినా, చెక్క విరిగినా ఓపెన్ డెలివరీ అడగాలి, అంటే ట్రాన్స్‌పోర్టు మనిషి ముందే ప్యాకింగు విప్పి చూడాలి. అడిగితే విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2007 క్యారేజ్ బై రోడ్ చట్టం 16వ సెక్షను ప్రకారం, సరుకు పోయినా పాడైనా రవాణాదారుకి రాతపూర్వకంగా నోటీసు 180 రోజుల్లోపు ఇవ్వాలి. ఆ 180 రోజులు మన గేటు దగ్గర దిగిన రోజు నుంచి కాదు, అటువైపు బుక్ చేసిన రోజు నుంచి. మార్చిలో దిగిన పెట్టెని దసరా తర్వాత విప్పి చూస్తే ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ట్రాన్సిట్ ఇన్సూరెన్సు ఉందిలే అనుకుంటే, వాళ్ళు అడిగే మొదటి కాగితం కూడా ఆ డెలివరీ రసీదే.

విప్పి చూడటమంటే పైపైన చూడటం కాదు. హుడ్, అంటే ఫ్యాన్ పైమూత, సొట్టపడటం కంటికి కనపడుతుంది, దాన్ని సుత్తితో సరిచేసినా బతుకుతుంది. కనపడనిదే చంపుతుంది. చేత్తో ఇంపెల్లర్ని మెల్లగా ఒక చుట్టు తిప్పి, బ్లేడు కొసకీ, గాలి లోపలికి తీసుకునే గరాటు లాంటి ఇన్‌లెట్ కోనుకీ మధ్య సందు చుట్టూ సమానంగా ఉందా చూడాలి. ఒక పక్క వేలు పట్టి, ఇంకో పక్క గోరు కూడా పట్టడం లేదంటే ఫ్రేమన్నా వంగింది, మోటారు స్టాండన్నా జరిగింది. నేమ్‌ప్లేటు మీద కిలోవాట్లు, ఫేజు, ఆర్‌పీఎమ్ మన ఆర్డరుతో సరిపోయాయా చూడాలి. కర్బ్ కొలత టేపు పెట్టి కొలవాలి. ఎందుకంటే కప్పు మీద కర్బు కట్టేవాడు వేరే డ్రాయింగు చూసి కడతాడు, ఇది మన దగ్గర మామూలే. బోల్టుల సంచి, బర్డ్ మెష్, విడి బెల్టులు ప్యాకింగు లిస్టుతో పోల్చుకోవాలి. బోల్టుల సంచి పోయిందంటే అదొక్కటీ మళ్ళీ తెప్పించడానికి నెల పడుతుంది.

ఒక చిన్న వస్తువు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొత్త ఇంపెల్లర్ బ్లేడు వెనక గానీ, అంచు మీద గానీ వేలెడంత రేకు ముక్క రివిట్ చేసో క్లిప్పులా దిగ్గొట్టో ఉంటుంది. అందానికి పెట్టింది కాదు, ఫ్యాక్టరీలో మిగిలిపోయిన చెత్తా కాదు. ఫ్యాక్టరీలో బ్యాలెన్సింగ్ యంత్రం మీద తిప్పి, మామూలు పారిశ్రామిక ఫ్యాన్లకి వాడే జీ 6.3 గ్రేడుకి తేవడం కోసం తగిలించిన బరువది. శుభ్రం చేసే కుర్రాడు దాన్ని స్క్రూడ్రైవరుతో పెరికి, చేతిలో పెట్టి, "వేస్టు ముక్క ఉంటే తీసేశానండీ" అని గర్వంగా చెప్పడం నేను కళ్ళారా చూశాను. ఆ ఫ్యాన్ బిగించాక ఊగితే "బ్యాలెన్సింగు చెయ్యకుండా పంపేశారు" అన్నారు. ఆ ముక్క అప్పటికి ఏ చెత్త డబ్బాలో ఉందో.

దించడం ఇంకో బాధ. నూరు కిలోలు దాటే ఫ్యాన్‌ని కళాసీలు నలుగురు పట్టుకుంటే చేతికి ఏది దొరికితే దాన్ని పట్టుకుంటారు. దొరికేది హుడ్ అంచు. లేదా షాఫ్టు. క్రేను బండి హైడ్రావాడైతే మోటారు మీద ఉన్న ఐబోల్టు రింగుకి హుక్కు తగిలించేస్తాడు, అది ఎత్తడానికే కదా పెట్టింది అంటాడు. అది మోటారొక్కదాన్నీ ఎత్తడానికి పెట్టింది, మొత్తం ఫ్యాన్‌ని కాదు. స్లింగు బెల్టులు కర్బ్ క్యాప్ కిందకి, అంటే అడుగు ఫ్రేముకి పడాలి. లేదా కంపెనీ ఇచ్చిన లిఫ్టింగు లగ్గులకి వెయ్యాలి. పైన అడ్డంగా స్ప్రెడర్ బార్ ఉంటే బెల్టు హుడ్‌ని నొక్కదు. స్ప్రెడర్ లేదా? సరిపడా పొడుగున్న యాంగిల్ ముక్కకి రెండు షాకిళ్ళు వేసి చేయించుకోవచ్చు, వెల్డింగు షాపులో ఒక పూట పని. కాకపోతే ఎత్తే బరువుకి తగ్గ సెక్షనేనో కాదో తెలిసినవాడితో ఒకసారి చూపించుకోవాలి. లారీ డాలా మీంచి ఇసక బస్తాల మీదికి దొర్లించడం మాత్రం ఎవరు చేసినా నేనొప్పుకోను.

రోడ్డు కూడా బేరింగుని తినేస్తుందని చెబితే చాలామంది నవ్వుతారు. 1930ల్లో అమెరికాలో కొత్త కార్లని రైళ్ళ మీద దూరాలు పంపితే, ఒక్క మైలు కూడా నడవని కార్ల చక్రాల బేరింగుల్లో గుంటలు కనపడ్డాయి. కారణం తర్వాత తేలింది. షాఫ్టు తిరగకుండా ఆగి ఉన్నప్పుడు బాల్స్ ఒకేచోట కూర్చుంటాయి. బండి అదురుకి ఆ చోటనే వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ రాపిడి పడుతుంది. అక్కడున్న గ్రీజు పక్కకి తప్పుకుంటుంది, ఇనుము ఇనుముని తాకుతుంది. దీన్ని ఫాల్స్ బ్రినెలింగ్ అంటారు. అలాంటి బేరింగు కోసి చూస్తే, లోపలి దారి మీద బాల్స్ ఎంతెంత ఎడంలో ఉంటాయో సరిగ్గా అంతే ఎడంలో వరసగా మచ్చలు, వాటి చుట్టూ తుప్పురంగు పొడి. ఫ్యాన్ తిరిగే ప్రతి చుట్టుకీ బాల్ ఆ మచ్చల మీదుగా దొర్లుతుంది. మీరు వినే గరగర అదే. సాలూరు ఘాటీ వంపులు, పార్వతీపురం దాటాక గుంతలు అన్నీ ఆ మచ్చల్లో ఉంటాయి.

దారిలో అదురుని మనం ఆపలేం. గోదాములో అదురుని ఆపొచ్చు కదా? బియ్యం మిల్లుల్లో ఖాళీ జాగా ఎక్కడుంటుందంటే పాలిషర్ వెనక, జనరేటర్ గది పక్కన. అక్కడ గచ్చు మీద చెయ్యి పెడితేనే తెలుస్తుంది రోజంతా ఎంత వణుకుతోందో. ఫ్యాన్లని తెచ్చి అక్కడే పెడతారు, "వాన పడని చోటండీ" అని. వాన పడదు, నిజమే. బేరింగు మాత్రం లారీ ఇంకా దిగనట్టే ఉంటుంది. అంతకంటే గచ్చు కదలని వరండాలో పైన బరకం కప్పి పెడితే నయం.

మిగతా నిలవ విషయాలు పెద్ద విద్యేమీ కాదు, ఎవరో ఒకరు చెయ్యాలి, అంతే. కప్పు మీద ఎలా నిలబడతాయో అలాగే నిలబెట్టి, కింద చెక్క దిమ్మలు వేసి, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా ఉంచాలి. నెలకోసారి ప్రతి ఇంపెల్లర్ని చేత్తో పదేసి చుట్లు తిప్పి, ఇంతకుముందు ఆగిన చోట కాకుండా పావు చుట్టు అవతల ఆపాలి. అంచు మీద సుద్దముక్కతో గీత పెట్టుకుంటే ఎక్కడ ఆపామో తెలుస్తుంది. తిప్పగానే గ్రీజు బాల్స్ చుట్టూ మళ్ళీ పరుచుకుంటుంది, బాల్స్ కొత్తచోట కూర్చుంటాయి. సీల్డ్ బేరింగయినా సరే తిప్పాల్సిందే, సీలు దుమ్ముని ఆపుతుంది గానీ గ్రీజు కిందికి జారడాన్ని ఆపదు. నిపుల్ ఉన్న బేరింగైతే గ్రీజు కొట్టేముందు కంపెనీ ఏ గ్రీజు వాడిందో చూడండి. పాలీయూరియా గ్రీజులో లిథియం గ్రీజు కలిస్తే రెండూ విరిగి పల్చబడి కారిపోయే ప్రమాదం ఉంది. బెల్టు ఫ్యాన్లయితే బెల్టు వదులు చెయ్యాలి, లేదా తీసేసి ఫ్యాన్ నంబరు రాసి ఎండ తగలని చోట వేలాడదియ్యాలి. బిగువుగా నెలలపాటు ఒకే భంగిమలో ఉన్న బెల్టు ఆ వంపుకే అలవాటు పడిపోతుంది, షాఫ్టునీ ఒకే పక్కకి లాగి ఉంచుతుంది.

చెమ్మ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, మా వైపు అసలు శత్రువు అదే. కంపెనీ మాన్యువల్లో "పొడిగా, ఉష్ణోగ్రత మారని గదిలో ఉంచవలెను" అని ఉంటుంది. కోరాపుట్ జిల్లాలో రేకుల గోదాములో అలాంటి గది ఎక్కడ తెస్తాం? పగలు రేకు కాలి గది ఉడికిపోతుంది. రాత్రి కొండగాలికి చల్లబడుతుంది. శీతాకాలం తెల్లవారుజామున ఇనుము మీద చెయ్యి వేస్తే నీళ్ళు. ఆ నీళ్ళు మోటారు లోపల వైండింగు మీదా పడతాయి. దానికి తోడు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్లాస్టిక్ చుట్టు విప్పకుండా ఉంచితే లోపలి చెమ్మ లోపలే ఉండిపోతుంది. గాల్వనైజ్డ్ రేకు మీద సున్నం చల్లినట్టు తెల్ల పొడి కడుతుంది, అది జింకు పూత తినేస్తున్న తుప్పు. అందుకని నేను చెప్పేది మాన్యువల్ చెప్పినదానికి కొంచెం వేరు. ప్లాస్టిక్‌ని కింది నుంచి కోసి గాలి ఆడనివ్వండి. పైన మాత్రం బరకం వదులుగా కప్పండి. మోటారుకి అడుగున డ్రెయిన్ ప్లగ్గుంటే అది నిజంగా అడుగునే ఉందో లేదో చూడండి. షాఫ్టు మెరిసే భాగానికి తుప్పు పట్టని నూనె రాయండి. ఎలకలు వైరు కొరక్కుండా టెర్మినల్ బాక్సు కేబుల్ రంధ్రం మూయండి. హుడ్ లోపల కందిరీగలు గూడు పెడతాయి, ముంగిలిలో పెట్టిన ఫ్యాన్లలో పాములూ చేరతాయి. చెయ్యి లోపల పెట్టేముందు కర్రతో తట్టడం మా కుర్రాళ్ళందరికీ అలవాటు.

బిగించే ముందు మెగ్గర్ పరీక్ష, అంటే వైండింగు ఇన్సులేషను ఎంత గట్టిగా ఉందో కొలవడం, తప్పనిసరి. 415 వోల్టుల మోటారుకి 500 వోల్టుల మెగ్గర్ చాలు. చెమ్మ లేని కొత్త మోటారు వందల మెగోములు చూపిస్తుంది. ఇలాంటి మోటార్లకి కనీసం 5 మెగోములు ఉండాలని ఐఈఈఈ 43 ప్రమాణం చెబుతోంది. అంతకంటే తక్కువొస్తే కరెంటు ఇవ్వొద్దు, వెచ్చగా ఆరబెట్టి మళ్ళీ కొలవండి. వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవు) తగిలించి ఉంటే వైర్లు విడదీశాకే మెగ్గర్ పెట్టండి, లేకపోతే మోటారు బతికి డ్రైవు పోతుంది. సరుకు దిగినరోజే ఒకసారి కొలిచి రిజిస్టర్లో రాసుకున్నవాడికి, తర్వాత పడిపోయిన అంకె ఎవరి హయాంలో పడిందో తెలుస్తుంది. రాసుకోనివాడికి వాదించడానికి నోరొక్కటే ఉంటుంది.

ఇంకో అలవాటుంది. హైడ్రా ఆ రోజుకి అద్దెకొచ్చింది కదా అని కర్బులు కట్టకుండానే ఫ్యాన్లన్నీ కప్పు మీదికి ఎక్కించేసి రేకుల మీద వరసగా పెట్టేస్తారు. అద్దె కలిసొచ్చిందని సంబరం. బరువు పర్లిన్ (రేకు కింది ఇనప దూలం) మీద పడక రేకు మధ్యలో పడి సొట్టలవడం, స్క్రూ దగ్గర వానకి కారడం ఒక ఎత్తు. గాలి ఇంకో ఎత్తు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ మీదికొచ్చింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని ముంచింది. తేదీలు చూడండి. వానలాగి కప్పు పని మళ్ళీ మొదలయ్యే రోజులూ, తుఫాన్ల రోజులూ మనకి ఒకటే. బోల్టు లేని హుడ్ ఆ గాలికి ఎగిరితే ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. హైడ్రా రెండోసారి అద్దె ఎంతైనా అంతకంటే చవకే.

ఇదంతా విని మా కాంట్రాక్టరు మిత్రుడొకాయన అన్న మాట న్యాయంగా ఇక్కడ రాయాలి. "గురువుగారూ, ఇవి టర్బైన్లు కావు, ఫ్యాన్లు. ఒకటి పోతే బేరింగు మార్చేస్తాం. దీనికి రిజిస్టరూ, సుద్దగీతలూ ఎందుకండీ?" ఆయన మాటలో కొంత నిజముంది. మోటారు లేని టర్బో వెంటిలేటర్లకి ఇంత హడావుడి అక్కర్లేదు. పదిహేను రోజుల్లో బిగించేసే చిన్న ఫ్యాన్లకీ అక్కర్లేదు, దింపేటప్పుడు జాగ్రత్తపడితే చాలు. కానీ పెద్ద ఎక్స్‌ట్రాక్టర్లో బేరింగు మార్చడమంటే బేరింగు ధరొక్కటే కాదు. కప్పెక్కాలి, వర్క్ పర్మిట్ తీసుకోవాలి, సేఫ్టీ బెల్టు కట్టుకోవాలి, మళ్ళీ హైడ్రా పిలవాలి, కింద మిల్లు ఆపాలి. నెలకోసారి ఫ్యాన్‌కి రెండు నిమిషాలు తిప్పడానికీ దీనికీ పోలికే లేదు. పైగా ఆ ఫ్యాన్ ఆగిన వారం పది రోజులూ మే నెల ఎండలో బాయిలర్ పక్కన, డ్రయ్యర్ కింద పనిచేసేది ఆయనా కాదు, నేనూ కాదు. ఊళ్ళ నుంచి రోజుకూలికి వచ్చినవాళ్ళు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే గాలి, ఉష్ణోగ్రతల గురించి 13వ సెక్షను పెట్టారంటే అది సౌకర్యం కోసం కాదు.

వారంటీ లెక్క కూడా ఆయనకి చెప్పాను. మన ఆర్డర్లలో మామూలుగా ఉండే షరతు: బిగించి నడిపిన రోజు నుంచి 12 నెలలు, లేదా ఫ్యాక్టరీ నుంచి పంపిన రోజు నుంచి 18 నెలలు, ఏది ముందైతే అది. మార్చిలో పంపిన ఫ్యాన్ వచ్చే ఫిబ్రవరికి తిరిగితే, దాని వారంటీ ఆ సెప్టెంబరుకే అయిపోతుంది. డబ్బిచ్చింది పన్నెండు నెలలకి, దక్కింది ఏడు. ఆ ఏడు నెలల్లో పోయినా కంపెనీవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "స్టోరేజ్ రికార్డు ఉందా?" అని. వాళ్ళు అలా అడగడం తప్పించుకోవడానికే కావచ్చు. కానీ మన దగ్గర కాగితం ఉంటే తప్పించుకోలేరు కదా.

కాబట్టి కొనేవాళ్ళని నేను అడుగుతున్నది రెండు పనులు. ఒకటి, డిస్పాచ్ క్లియరెన్స్ మీ చేతిలో ఉంచుకోండి. కర్బులు కట్టి, కొలత సరిపోయిందని సైటు ఇంజినీరు రాసిచ్చాకే ఫ్యాక్టరీ నుంచి బండి కదలాలి. బడ్జెట్టు కోసం మార్చిలోనే తెచ్చుకోవాల్సి వస్తే రెండోది: వర్కార్డర్లో సప్లైకీ, ఎరెక్షన్‌కీ మధ్య "నిలవలో సంరక్షణ" అని మూడో లైను వెయ్యండి, దానికో రేటు వెయ్యండి. ఫ్యాన్‌కి ఒక కార్డు, నెలకో సంతకం, తిప్పిన తేదీ, మెగ్గర్ అంకె. కార్డు ఖాళీగా ఉంటే ఆ నెల డబ్బు లేదు. ఇలా అడిగితే కాంట్రాక్టర్లు రేటు పెంచేస్తారని కొనుగోలు విభాగం వాళ్ళు భయపడతారు. పెంచుతారు, పెంచనివ్వండి. ఒక ఫిట్టరు, ఒక హెల్పరు నెలకి ఒక పూట చేసే పని అది, అంతకు మించి అడిగితే బేరమాడండి. మొన్నటి మాటల్లో మా మిత్రుడే, "ఆ లైనుంటే నాకేం బాధండీ, మనిషిని పంపుతాను. లేనప్పుడు నా జేబులోంచి ఎందుకు పంపాలి?" అన్నాడు. ఆ ప్రశ్నకి కొనేవాళ్ళ దగ్గర ఇంతవరకు జవాబు నేను వినలేదు.